64 బిట్ల ఆశాభంగము

1996వ సంవత్సరము జూన్ 23వ తేదీన జపానులో నింటెండో 64 అను ఆటయంత్రము అమ్మకమునకు వచ్చెను. టెలివిజనుకు తగిలించి, మీటల పెట్టెను చేతబట్టుకొని, తెరమీది బొమ్మలను నడపించుచు ఆడుకొను యంత్రములలో ఇది ఒకటి. ధర 25,000 యెన్లు. ఆ దినమున దానితో దొరికిన ఆటలు మూడే: సూపర్ మారియో 64, పైలట్‌వింగ్స్ 64, ఒక షోగీ ఆట. (షోగీ యనగా మన చదరంగమునకు జపానులోని దాయాది.) సెప్టెంబరులో అమెరికాకు చేరునప్పటికి ఆ మూడింటిలో రెండే వెంట వచ్చినవి. మొదటి దినములలో ఈ కొరత పెద్దగా తోచలేదు. మారియో ఆట అంత క్రొత్తది, అంత ముచ్చటైనది. ఆశాభంగము వెంటనే రాలేదు. మరుసటి ఆటకై నెలల తరబడి ఎదురుచూచిన కొద్దీ, పొరుగింటి పిల్లవాని ప్లేస్టేషను ముందట ఆటల గుట్ట పెరిగిన కొద్దీ, అది నిదానముగా వచ్చెను.

ఈ ఆశాభంగమునకు కారణము వ్యాపారములోనే యున్నదని చెప్పుట వాడుక. ఫలానా కంపెనీ వెళ్ళిపోయెను, ఫలానా అధ్యక్షుడు మొండిపట్టు పట్టెను అని కథలు చెప్పుదురు. ఆ కథలు నిజమే. కాని వాటికి మూలము యంత్రపు పొట్టలోనే కలదు. హైస్కూలు తరగతిలోని గుణకార భాగహారములతోనే దానిని బయటికి తీయవచ్చును.

ముందుగా ఆశ ఎంత పెద్దదో చెప్పవలెను. 1993 ఆగస్టులో నింటెండో వారు అమెరికాలోని సిలికాన్ గ్రాఫిక్స్ అను సంస్థతో కలిసి క్రొత్త యంత్రమును తయారుచేయుచున్నామని ప్రకటించిరి. ఆ సంస్థ కంప్యూటర్లు సామాన్యమైనవి కావు. ఆ సంవత్సరమే విడుదలయైన జురాసిక్ పార్క్ చలనచిత్రములో పరుగెత్తిన రాక్షసిబల్లులను గీసినది వాటిమీదనే. అటువంటి కంప్యూటరులోని విద్యను ఒక కుటుంబము కొనగల పెట్టెలో ఇమిడ్చెదమనిరి. ఆ పనికి పెట్టుకొన్న పేరు ప్రాజెక్టు రియాలిటీ. పేరులోనే వాస్తవమును వాగ్దానము చేసిన యంత్రమును వాస్తవముతోనే కొలువవలసియున్నది.

ఇక 64 అను అంకె. కంప్యూటరు భాషలో 0 లేక 1 అను ఒక్క గురుతును బిట్టు అందురు. ఎనిమిది బిట్లు ఒక బైటు. గణకభాగము ఒక్కసారిగా ఎన్ని బిట్ల సంఖ్యను చేతబట్టగలదో దానినిబట్టి 32 బిట్ల యంత్రము, 64 బిట్ల యంత్రము అని పిలుచుట అలవాటు. సోనీ వారి ప్లేస్టేషను, సెగా వారి సాటర్ను 32 బిట్ల యంత్రములు. కావున నింటెండో యంత్రము వాటికి రెండింతలని కొన్నవాడు అనుకొనుటలో ఆశ్చర్యము లేదు. కాని 32 బిట్లతోనే 0 నుండి దాదాపు 429 కోట్ల వరకు లెక్కింపవచ్చును. ఒక బొమ్మ ఎక్కడ నిలిచినది, దానికి ఎన్ని ప్రాణములు మిగిలినవి, ఎన్ని నాణెములు ఏరినది అను లెక్కలకు 429 కోట్లు చాలక పోవుట ఎన్నడు? అందుచేత ఆటలు వ్రాసినవారు చాలవరకు 32 బిట్ల లెక్కలనే వాడుకొనిరి. అవి చోటు తక్కువ పట్టును, త్వరగా సాగును. పైగా ఆ గణకభాగమునుండి వెలుపలికి పోవు తీగల దారి వెడల్పు 32 బిట్లే. ఊరిలో నాలుగు బండ్లు పట్టు వీధి వేసి, ఊరి వాకిలి రెండు బండ్లకే పెట్టినట్లైనది. పెట్టెమీద అచ్చువేయుటకు మాత్రము 64 చక్కగా పనికివచ్చెను.

అంకెను ప్రక్కన పెట్టినను ఈ యంత్రము నిజముగా బలమైనదే. దాని గణకభాగపు గడియారము సెకండుకు 9 కోట్ల 37 లక్షల 50 వేల సార్లు కొట్టుకొనును, అనగా 93.75 మెగాహెర్ట్జ్. ప్లేస్టేషనుది 33.87 మెగాహెర్ట్జ్ మాత్రమే. గీతపనిలోను నింటెండో యంత్రము నిజాయితీ గలది. రైలుపట్టాల నడుమ నిలిచి దూరమునకు చూచినచో, సమాన దూరములలో పరచిన దుంగలు పోనుపోను దగ్గరదగ్గరగా కనబడును గదా. ప్లేస్టేషను ఈ సంగతి పట్టించుకొనదు. తెరమీద ఒక త్రిభుజమును గీసి, దానిపై రంగుల అద్దకమును సమానమైన అడుగులతో పరచును. అందుచేత నడచునప్పుడు నేలమీది పలకల గీతలు పాముల వలె వంగును. నింటెండో యంత్రము ప్రతి చుక్కకు దాని దూరముతో భాగహారము చేసి, గీత ఎక్కడ పడవలెనో అక్కడనే వేయును. ప్లేస్టేషనులో త్రిభుజపు మూలలు పూర్ణసంఖ్యల స్థానములలోనే నిలువగలవు. అందువలన గోడలు చలిజ్వరము వచ్చినట్లు వణకును. నింటెండో యంత్రము భిన్నములను కూడ లెక్కించును గనుక గోడలు నిలుకడగా నుండును.

ఒక వస్తువు మరొకదాని చాటున ఉన్నప్పుడు ఏది కనబడవలెను అను ప్రశ్నకు రెండు యంత్రముల సమాధానములను పోల్చుట తరగతిలో మంచి పాఠము కాగలదు. ప్లేస్టేషను చిత్రకారుని పద్ధతి నవలంబించును. ముందు ఆకాశము, తరువాత కొండ, ఆపైన చెట్టు, చివరకు మనిషి. దూరమైనవి ముందు, దగ్గరివి వెనుక గీసినచో దగ్గరిది దూరపుదానిని కప్పివేయును. కాని రెండు వస్తువులు ఒకదానిలోనికొకటి చొచ్చుకొనియున్నచో ఏది ముందో, ఏది వెనుకో చెప్ప వీలుకాదు. నింటెండో యంత్రము తెరమీది ప్రతి చుక్కకు ఎదురుగా అది ఎంత దూరములో ఉన్నదో ఒక పట్టీలో వ్రాసిపెట్టుకొనును. క్రొత్త చుక్క వేయబోవునప్పుడు పట్టీ చూచును, క్రొత్తది దగ్గరదైనచో వేసి, పట్టీ దిద్దును, లేనిచో వదలును. తెర 320 చుక్కల వెడల్పు, 240 చుక్కల ఎత్తు అనుకొన్నచో చుక్కలు 76,800. చుక్కకు రెండు బైట్ల చొప్పున పట్టీకి 1,53,600 బైట్లు కావలెను. శాస్త్రీయముగా ఇదియే సరియైన పద్ధతి. అయితే దీనికి వెల ఎక్కడ చెల్లించవలసివచ్చెనో ముందు ముందు తెలియగలదు.

ఇంత సరిగా గీయు యంత్రము చూపిన లోకము ఏల అలుకుకొనిపోయినట్లు కనబడెను? ప్లేస్టేషను గోడమీద ఇటుకలు వంకరగానైనను ఇటుకలుగా కనబడుచుండగా, నింటెండో గోడ తడిసిన కాగితముపై సిరా పాకినట్లు ఏల ఉండెను?

దీనికి సమాధానము 4,096 అను సంఖ్యలో ఉన్నది. ఆటలోని గోడ, నేల, చెట్టు అన్నియు ఉత్త త్రిభుజములే. వాటికి ఇటుక రూపమో, గడ్డి రూపమో ఇచ్చునది పైన అంటించు చిన్న రంగుల చిత్రము. బందరు అద్దకపు పనిలో ఒక చెక్క దిమ్మతో బారెడు గుడ్డను నింపినట్లు, ఒక చిన్న చిత్రముతో పెద్ద గోడను కప్పుదురు. నింటెండో 64లో గీయుపనికి చేతికందునట్లు ఈ దిమ్మను ఉంచు స్థలము 4,096 బైట్లు మాత్రమే. చుక్క రంగుకు రెండు బైట్ల చొప్పున అందులో పట్టునవి 2,048 చుక్కలు. అనగా 64 చుక్కల వెడల్పు, 32 చుక్కల ఎత్తు గల దిమ్మ. ఆటగాడు గోడకు దగ్గరగా వెళ్ళి, ఆ ఒక్క దిమ్మయే తెరనంతను నింపినదనుకొందము. 76,800ను 2,048తో భాగించినచో 37½ వచ్చును. దిమ్మలోని ఒక్కొక్క చుక్క తెరమీది 37 చుక్కలకు పైగా సాగవలెను. అంత సాగినచో పెద్ద పెద్ద చతురస్రములు కనబడును గనుక, యంత్రము ప్రక్కప్రక్క రంగులను ఒకదానిలోనికొకటి కలిపి నునుపు చేయును. చతురస్రములు పోయినవి, వాటితో ఇటుకలును పోయినవి.

ప్లేస్టేషనులో బొమ్మలకని వేరుగా 1 మెగాబైటు స్మృతి కలదు. తెరమీది చిత్రము కూడ అందులోనే ఉండవలెను గాని, మిగిలిన చోటిలో 256 చుక్కల వెడల్పు, 256 చుక్కల ఎత్తు గల దిమ్మను సైతము పెట్టుకొనవచ్చును. పైన చెప్పిన 2,048 చుక్కలకు అది 32 రెట్లు. భాగహారము రానివాని చేతిలో పెద్ద దిమ్మ ఉన్నది. లెక్కలన్నియు వచ్చినవాని చేతిలో చిన్న దిమ్మ ఉన్నది. ఆడుకొను బాలునికి లెక్క కనబడదు, దిమ్మయే కనబడును.

చిన్న దిమ్మలనే మాటిమాటికి మార్చి వాడరాదా అని తెలివైన విద్యార్థి అడుగవచ్చును. మార్చవచ్చును, నేర్పరులు మార్చిరి కూడ. కాని ప్రతిసారి క్రొత్త దిమ్మను ప్రధాన స్మృతినుండి తేవలెను. ఆ స్మృతి వీధికంతటికి ఉన్న ఒకే కొళాయి వంటిది. నింటెండో 64లో ప్రధాన స్మృతి 4 మెగాబైట్లు. ఆట నడిపించు గణకభాగము, త్రిభుజముల లెక్క చూచు భాగము, చుక్కలు వేయు భాగము, ధ్వని కల్పించు పని, సిద్ధమైన చిత్రమును టెలివిజనుకు పంపు పని, ఇవన్నియు ఆ ఒక్కచోటికే బిందెలు తెచ్చుకొనవలెను. గణకభాగమునకు నేరుగా కొళాయి దగ్గరకు పోవు దారి కూడ లేదు. చిత్రభాగము ఇంటిలోగుండ పోవలెను. ఆ స్మృతి ఒకసారి ధార పట్టినచో మిక్కిలి వేగముగా పోయును. అడిగిన క్షణమునకును మొదటి చుక్క రాలు క్షణమునకును నడుమ ఎడము మాత్రము ఎక్కువ. చిన్న చిన్న చెంబులతో మాటిమాటికి వచ్చువారికి అటువంటి కొళాయి మేలు చేయదు. చుక్క చుక్కకు దూరపు పట్టీ చూచి దిద్దు సరియైన పద్ధతి ఇక్కడనే వెల చెల్లించెను. చూచుటకు ఒక చెంబు, దిద్దుటకు ఒక చెంబు, రంగు వేయుటకు మరొకటి.

ప్లేస్టేషనులో ప్రధాన స్మృతి 2 మెగాబైట్లు, చిత్రములకు 1, ధ్వనికి అర. కలిపి చూచిన 3½ మెగాబైట్లే. కాని మూడు కొళాయిలు.

1998లో వచ్చిన జెల్డా ఆట, ఆకరీనా ఆఫ్ టైమ్, ఆ యంత్రమునకు కీర్తి తెచ్చిన ఆటలలో అగ్రగణ్యము. అమెరికా, జపాను టెలివిజన్లు సెకండుకు 60 మారులు తెరను తిరిగి గీయుచుండగా, ఆ ఆట సెకండుకు 20 క్రొత్త చిత్రములను మాత్రమే ఇచ్చెను. అనగా ఒక్కొక్క చిత్రమును మూడు మారులు చూపెను. అయినను ఆ ఆట గొప్పదే. యంత్రము బలముచేత గొప్పదైనది కాదు, యంత్రము ఇరుకును ఎరిగినవారు వ్రాసినందువలన గొప్పదైనది. 1997 నాటి టూరాక్ ఆటలో అడవియంతయు పొగమంచు. ఋతువు వలన వచ్చిన మంచు కాదది. దూరపు చెట్లను గీయు పని తప్పించుకొనుటకు వేసిన తెర. ఈ ఉపాయము ప్లేస్టేషనులోను వాడిరి. కాని ప్రాజెక్టు రియాలిటీ అని పేరు పెట్టుకొన్నవాని ఇంటిలో మంచు కనబడుట మరింత ఎబ్బెట్టు.

ఇంతవరకు చెప్పినవి ఇరుకులే గాని ప్రాణాపాయములు కావు. యంత్రమును నిజముగా క్రుంగదీసినది క్యాసెట్టు.

1990 దశకమున మన పట్టణములలో వీడియో ఆటలాడిన పిల్లలు, యంత్రపు నెత్తిన గ్రుచ్చు ప్లాస్టిక్ పెట్టెను క్యాసెట్టు అనిరి. జపాను పిల్లల వాడుకయు అదే. పేరు క్యాసెట్టే గాని లోపల టేపు ఉండదు. ఆటను శాశ్వతముగా అచ్చు వేసిన ఒక సిలికాన్ చిప్పు ఉండును. 1994లో ప్లేస్టేషను, సాటర్ను రెండును సి.డి. పలకలను వాడుచు బయటికి వచ్చినవి. రెండేండ్ల తరువాత వచ్చిన నింటెండో మాత్రము క్యాసెట్టునే నమ్ముకొనెను. అసలు ప్లేస్టేషను పుట్టుకకే నింటెండో కారణము. నింటెండో వారి పాత యంత్రమునకు సి.డి. తగిలింపును చేయుటకు సోనీ వారు ఒప్పుకొనియుండిరి. 1991 జూన్ నెలలో చికాగో ప్రదర్శనలో సోనీ వారు దానిని ప్రకటించిన మరునాడే, నింటెండో వారు ఫిలిప్స్ కంపెనీతో ఒప్పందము చేసికొన్నామని చాటిరి. అవమానపడిన సోనీ వారు తమ యంత్రమును తామే చేసికొనిరి.

లెక్క చూడవలెను. సూపర్ మారియో 64 క్యాసెట్టులో పట్టునది 8 మెగాబైట్లు. ఆకరీనా ఆటకు 32. ఆ యంత్రముపై వచ్చిన మిక్కిలి పెద్ద క్యాసెట్టుకు 64. ఒక సి.డి.లో దాదాపు 650 మెగాబైట్లు పట్టును. అతి పెద్ద క్యాసెట్టు కూడ ఒక సి.డి.లో పదవ వంతు.

ఈ తేడా చెవికి ఎట్లు తెలియునో చూచినచో మరింత స్పష్టమగును. సి.డి. సంగీతములో సెకండుకు 44,100 సార్లు ధ్వనిని కొలిచి, రెండు చెవులకు రెండు, కొలతకు రెండు బైట్ల చొప్పున వ్రాయుదురు. సెకండుకు 1,76,400 బైట్లు. ఈ లెక్కన మారియో క్యాసెట్టునంతను ఖాళీ చేసి సంగీతముతో నింపినను పట్టునది 47 సెకండ్లు. అందుచేత నింటెండో ఆటలలో సంగీతమును పాడిన పాటగా దాచలేదు, స్వరలిపిగా దాచిరి. ఏ వాద్యము, ఏ స్వరము, ఎంతసేపు అని వ్రాసి, వాద్యముల చిన్న మచ్చుతునకలను ప్రక్కన పెట్టి, ఆడునప్పుడే యంత్రముచేత వాయింపించిరి. ఇది మెచ్చదగిన ఉపాయము. ఆట నడకనుబట్టి పాట నడకను మార్చుటకు ఇందులో వీలున్నది. కాని మనుష్యుని మాటకు స్వరలిపి లేదు. పాత్రలు నోరు తెరచి మాట్లాడవలెనన్న, కథ నడుమ చలనచిత్రము చూపవలెనన్న చోటు కావలెను. ప్లేస్టేషను ఆటలలో పాత్రలు మాటలాడుచుండగా, నింటెండో ఆటలలో చాలవరకు పెదవుల క్రింద అక్షరములే నడచినవి.

చోటు చాలక పోవుటలో పట్టుదలకు ఒక ఉదాహరణము చెప్పక తప్పదు. ప్లేస్టేషనుపై రెండు సి.డి.లలో 1998లో వచ్చిన రెసిడెంట్ ఈవిల్ 2 అను ఆటను, చలనచిత్రపు ఘట్టములతో సహా, 1999లో ఒక్క 64 మెగాబైట్ల క్యాసెట్టులో ఇమిడ్చిరి. ఒక పెట్టెడు సామానును చేతిసంచిలో సర్దిన నేర్పది. అయితే ప్రతి ఆటకు అట్టి నేర్పరులు దొరకరు, దొరికినను వారి జీతములు ఎవరో ఒకరు చెల్లించవలెను.

క్యాసెట్టు పక్షమున నింటెండో వారు చెప్పిన మాటలో నిజము లేకపోలేదు. ప్లేస్టేషను సి.డి.నుండి సెకండుకు 300 కిలోబైట్లు చదువును. దాని 2 మెగాబైట్ల స్మృతిని, అనగా 2,048 కిలోబైట్లను నింపుటకు దాదాపు 7 సెకండ్లు పట్టును. పలకమీద చోటు వెదకుకొను కాలము వేరు. ఒక్కొక్క గది తలుపు తెరచినప్పుడెల్ల ఆటగాడు చేతులు కట్టుకొని కూర్చుండవలెను. క్యాసెట్టులో ఈ నిరీక్షణ లేదు. గీతలు పడు భయము లేదు. పిల్లలు నేలమీద పడవేసినను సాధారణముగా చెడదు. ఈ సుగుణములను పరిహసించినవారు తొందరపడిరి.

కాని ఏడు సెకండ్లకు చెల్లించిన వెల ఎంత? సి.డి.ని గ్రామఫోను పలక వలె అచ్చున ఒత్తుదురు. ప్లాస్టిక్ కరిగించి పోసి, లోహపు అచ్చుతో అదిమినచో కొన్ని సెకండ్లలో పలక తయారు. క్యాసెట్టులోని చిప్పు అట్టిది కాదు. ఆటలోని సున్నలు, ఒకట్లు సిలికాన్ పలకపై వేయు తెరచాటు నమూనాలోనే చెక్కబడవలెను. కర్మాగారములో వారముల తరబడి పలు అంతస్తుల పని జరుగవలెను. కనుక ఖరీదు సి.డి.కన్న అనేక రెట్లు. జపానులో మారియో ఆట ధర 9,800 యెన్లుండగా, ప్లేస్టేషను ఆటల వాడుక ధర 5,800 యెన్లు. ఈ తేడా అంతయు చిప్పుదే కాదు. అయినను అందులో పెద్ద భాగము చిప్పుదే.

ఖరీదుకన్న కీడు చేసినది కాలము. సి.డి. ఆటను వ్రాసినవాడు మొదట కొద్ది పలకలు ఒత్తించి, అమ్ముడైనచో కొద్ది దినములలోనే మరికొన్ని తెప్పించుకొనవచ్చును. క్యాసెట్టు ఆటను వ్రాసినవాడు ఎన్ని అమ్ముడగునో ముందే ఊహించి, పైకము ముందే కట్టి, నెలలు ముందే చెప్పవలెను. తక్కువ చెప్పినచో పండుగ దినములలో అంగడి ఖాళీ. ఎక్కువ చెప్పినచో గిడ్డంగి నిండ ఎవ్వరును కొనని చిప్పులు. విత్తనముల ధరయు, కోతల కాలమును తన చేతిలో లేని రైతు క్రొత్త పంట వేయుటకు జంకినట్లే, చిన్న కంపెనీలు ఈ యంత్రముపై క్రొత్త ఆట వేయుటకు జంకినవి. పిల్లవాడు అంగడిలో చూచిన ఖాళీ అరకు మూలము ఈ జంకులో ఉన్నది. వింత ఆటలు, చిన్న ఆటలు, సంగీతపు ఆటలు, ఎవడో ఒకడు పరీక్షగా చేసిన ఆటలు ప్లేస్టేషనుకే పోయినవి.

పెద్దవారు కూడ వెళ్ళిపోయిరి. స్క్వేర్ అను కంపెనీ ఫైనల్ ఫాంటసీ ఆటలు మొదటి ఆరింటిని నింటెండో యంత్రములకే వ్రాసెను. ఏడవదానిని 1997 జనవరి 31న ప్లేస్టేషనుపై విడుదల చేసెను. అది మూడు సి.డి.లు పట్టెను, మిక్కిలి పెద్ద క్యాసెట్లలో కూడ అది దరిదాపులకు రాదు. ఆ నెలలోనే ఎనిక్స్ కంపెనీ డ్రాగన్ క్వెస్ట్ ఏడవ భాగము ప్లేస్టేషనుకే వచ్చునని ప్రకటించెను. జపానులో ఈ రెండు కథల కొరకే యంత్రములు కొనువారు లక్షల మంది. నింటెండో 64 ఆ దేశములో సెగా సాటర్నుకన్నను వెనుకబడుటకు ఇది ముఖ్య కారణము. రెండు గణకభాగములను జతచేసి, వాటిని సమముగా నడపు పనిని ఆట వ్రాయువారి నెత్తిన వేసిన సాటర్ను ప్రపంచములో తక్కినచోట్ల మూడవ స్థానముననే నిలిచినది. దానికన్నను స్వదేశములో వెనుకబడుట నింటెండోకు చిన్న దెబ్బ కాదు.

ఆటలు కొన్నియైనను మేలైనవి చాలునని నింటెండో వాదము. ఈ వాదమునకు సాక్ష్యముగా చూపదగిన ఆటలు నిజముగానే కలవు. 1997లో వచ్చిన గోల్డెన్ ఐ ఎనుబది లక్షలకు పైగా అమ్ముడైనది. యంత్రములోనే నలుగురు ఆడుటకు నాలుగు రంధ్రములుండుట వలన, ఒకే తెరను నాలుగు ముక్కలు చేసికొని అన్నదమ్ములు, స్నేహితులు కలిసి ఆడిరి. ప్లేస్టేషనుకు ఉన్నవి రెండే. బొటనవ్రేలితో కొద్దిగా వంచినచో బొమ్మ నడచుట, బాగుగా వంచినచో పరుగెత్తుట అను మీటను ఇంటి ఆటలలో స్థిరపరచినది ఈ యంత్రమే. సోనీ వారు 1997లో తమ మీటల పెట్టెకు అట్టివి రెండు చేర్చిరి. (ఆ మీట లోపల ప్లాస్టిక్ ప్లాస్టిక్‌ను రాచి తెల్లని పొడి రాల్చుట, కొంతకాలమునకు మీట వ్రేలాడిపోవుట వేరు కథ. నాలుగు రంధ్రముల యంత్రమునకు నాలుగు మీటల పెట్టెలు కొన్న తండ్రులకు అది బాగుగా తెలియును.) కాని మేలైన ఆటలలో అధిక భాగము నింటెండో, దాని సన్నిహితమైన ఇంగ్లండు సంస్థ రేర్, ఈ ఇద్దరే వ్రాసిరి. ఇద్దరు వంటవాండ్రు ఎంత నేర్పరులైనను ఊరి విందుకు చాలరు. యంత్రము జీవితకాలమంతటను దానిపై వచ్చిన ఆటలు నాలుగు వందలకు లోపు. ప్లేస్టేషనుపై వచ్చినవి వేలలో.

ఇరుకును నింటెండో వారు ఎరుగకపోలేదు. క్యాసెట్టు చాలనిచోట ఉపయోగపడునని 64 డి.డి. అను అయస్కాంత పలకల తగిలింపును మొదటినుండియు వాగ్దానము చేయుచు వచ్చిరి. అది 1999 డిసెంబరులో, జపానులో మాత్రమే వచ్చెను. పలకకు 64 మెగాబైట్లు. అప్పటికి క్యాసెట్టులే ఆ పరిమాణమునకు చేరినవి. 2001లో ఆ సేవ మూతపడెను. స్మృతిని 4 నుండి 8 మెగాబైట్లకు పెంచు తగిలింపు మాత్రము కొంత ప్రయోజనకారియైనది. 2000 నాటి జెల్డా ఆట, మజోరాస్ మాస్క్, అది లేనిదే నడువదు. అనగా యంత్రము కొన్నవాడు, ఆట కొన్నవాడు, మూడవ మారు కూడ డబ్బు తీయవలెను.

చిత్రభాగమును నడపించు అంతరంగ సూచనలను మార్చి వ్రాసికొనినచో అదే యంత్రముచేత మరింత పని చేయింపవచ్చును. ఆ విద్యను నింటెండో వారు చాలకాలము బయటివారికి సులభముగా అందనీయలేదు. జర్మనీలో పుట్టిన ఫ్యాక్టర్ 5 వంటి కొలదిమంది స్వయముగా ఆ సూచనలు వ్రాసికొని, 2000 ప్రాంతమున చూపిన చిత్రములు మొదటి సంవత్సరపు ఆటలకన్న ఎంతో సూక్ష్మమైనవి. యంత్రమునందు ఆ శక్తి మొదటినుండియు ఉన్నది. తాళపుచెవి నాలుగేండ్లు ఆలస్యముగా దొరకెను.

చివరి లెక్కలో నింటెండో 64 యంత్రములు 3 కోట్ల 29 లక్షలు అమ్ముడైనవి. అందులో 2 కోట్లకు పైగా అమెరికా ఖండములలోనే. ప్లేస్టేషను 10 కోట్లు దాటెను. క్రొత్త యంత్రమగు గేమ్‌క్యూబ్‌ను చేయునప్పుడు, నింటెండో యంత్రనిర్మాణమునకు పెద్దయైన గెన్యో టకెడా తమ పొరపాటును బహిరంగముగానే ఒప్పుకొనెను. గొప్ప ఆటలు చేయవలెనన్న పని కష్టముగానే ఉండునని తలచితిమనియు, అది తప్పనియు, క్షణకాలపు గరిష్ఠ వేగముకన్న ఎల్లప్పుడు నిలుచు వేగమే ముఖ్యమని ఇప్పుడు తెలిసినదనియు ఆయన భావము. ఒక కంపెనీ పెద్ద ఇంత సూటిగా మాట్లాడుట అరుదు. గేమ్‌క్యూబ్‌లో స్మృతి త్వరగా పలుకునది. దిమ్మల చోటు విశాలమైనది.

2001లో వచ్చిన ఆ గేమ్‌క్యూబ్ క్యాసెట్టును వదలి పలకను చేపట్టెను. అయితే అది 8 సెంటీమీటర్ల చిన్న పలక, 1.5 గిగాబైట్లు. అంతకు ఏడాది ముందే వచ్చిన ప్లేస్టేషను 2 వాడిన డి.వి.డి.లో 4.7 గిగాబైట్లు. 2005లో రెసిడెంట్ ఈవిల్ 4 వచ్చునప్పటికి నింటెండో ఆటగాడు నడుమ లేచి, పెట్టె తెరచి, రెండవ పలకను పెట్టవలసివచ్చెను. అదే ఆట ప్లేస్టేషను 2పై ఒక్క పలకలో పట్టెను.